పిల్లల నోటుపుస్తకాల దగ్గర మొదలుపెట్టండి: ఉపాధ్యాయ శిక్షణ రూపకర్తలకు ఒక బహిరంగ లేఖ

గణిత, విజ్ఞానశాస్త్ర ఉపాధ్యాయుల శిక్షణకు ప్రణాళికలు వేసే అధికారులకు, ఆ శిక్షణను ముందుండి నడిపే రిసోర్స్ పర్సన్లకు,

నమస్కారం.

నేను ఇరవై నాలుగేళ్లుగా గణితమూ భౌతికశాస్త్రమూ బోధిస్తున్నాను. ఈ కాలంలో చాలా శిక్షణ శిబిరాల్లో శ్రోతగా కూర్చున్నాను, కొన్నింటిలో శిక్షకుడిగా నిలబడ్డాను కూడా. అందువల్ల ఈ లేఖలో నేను ఎత్తిచూపే లోపాల్లో కొన్ని నా చేతుల మీదుగా జరిగినవే. మిమ్మల్ని వేలెత్తి చూపడానికి ఇది రాయడం లేదు. తరగతి గదిలో రోజూ మాకు ఎదురయ్యే ఒక విషయం శిక్షణ హాల్లోకి దాదాపు ఎప్పుడూ రావడం లేదు. దాన్ని అక్కడికి తీసుకురమ్మని అడగడానికే రాస్తున్నాను.

ఆ విషయం పిల్లలు చేసే తప్పు. తప్పు అంటే అజాగ్రత్త వల్ల దొర్లే పొరపాటని నా ఉద్దేశం కాదు. పిల్లవాడు తనకు తెలిసినదాని నుంచి తనకు తోచిన తర్కంతో కట్టుకున్న ఆలోచన, పాఠం విన్న తర్వాత కూడా చెక్కుచెదరకుండా లోపల నిలిచిపోయే ఆలోచన గురించి నేను మాట్లాడుతున్నాను.

ఒక సంఘటన చెబుతాను. దశాంశ సంఖ్యలు చెప్పి, ఇచ్చిన ప్రతి జతలో ఏది పెద్దదో గుర్తించమని ఐదు లెక్కలిచ్చాను. 5.736, 5.62 ఒక జత, 0.75, 0.5 ఇంకొకటి, 2.481, 2.39 మరొకటి, మిగతావీ అలాంటివే. ఒక అమ్మాయి ఐదింటికీ సరైన జవాబు రాసింది. ఎర్ర సిరాతో టిక్కులు పెట్టి, కింద ‘చాలా బాగుంది’ అని రాసి పుస్తకం తిరిగి ఇచ్చాను. మరుసటి రోజు బోర్డు మీద 0.125, 0.5 అని రాసి ఏది పెద్దదని అడిగితే, ఆ అమ్మాయే లేచి 0.125 అంది. ఎందుకమ్మా అని అడిగాను. ‘నూట ఇరవై ఐదు, ఐదు కంటే పెద్దది కదా సార్’ అంది. ఆ సాయంత్రం స్టాఫ్‌రూమ్‌లో ఆమె పుస్తకం తెప్పించుకుని మళ్లీ చూశాను. నేనిచ్చిన ఐదు జతల్లోనూ ఎక్కువ అంకెలున్న సంఖ్యే పెద్ద సంఖ్య. బిందువు తర్వాతి భాగాన్ని మామూలు పూర్ణ సంఖ్యలా చదివిన పిల్లకు నా ప్రశ్నపత్రం నూటికి నూరు మార్కులు ఇచ్చింది. నేను దిద్దింది ఆమె జవాబునే. ఆమె ఆలోచన నా కంటికి కనిపించనే లేదు.

అదే తరగతిలో వెనక బెంచీలో కూర్చునే ఒక అబ్బాయి 0.3, 0.45లలో 0.3 పెద్దదన్నాడు. అతని కారణం వేరు. పదో వంతు ముక్క నూరో వంతు ముక్క కంటే పెద్దది కాబట్టి, పదో వంతుల్లో ఆగిపోయిన సంఖ్యే పెద్దదని అతని లెక్క. నిజానికి ఆ అబ్బాయి నా పాఠం శ్రద్ధగా విన్నాడు. భాగాల పరిమాణాన్ని పట్టుకున్నాడు, ఎన్ని భాగాలున్నాయన్నది వదిలేశాడు. అమ్మాయి ఎన్ని అన్నదాన్ని పట్టుకుంది, ఎంతటి భాగాలన్నది వదిలేసింది. ఇద్దరి జవాబుల మీదా ఒకే రకం ఎర్ర ఇంటూ పడుతుంది గానీ, ఇద్దరికీ చెప్పవలసింది ఒకటి కాదు. మనలో చాలామంది చెప్పే ‘సున్నాలు చేర్చి అంకెలు సమానం చేయండి’ అన్న చిట్కా ఇద్దరి చేతా సరైన జవాబు రాయిస్తుంది. 0.125, 0.500 అని రాసుకున్నాక పూర్ణ సంఖ్యల్లా పోల్చినా తప్పు రాదు. జవాబు సరిపోతుంది, లోపలి ఆలోచన ఎక్కడిదక్కడే ఉండిపోతుంది. మరుసటి ఏడాది భిన్నాలను దశాంశాలుగా మార్చేటప్పుడు అది మళ్లీ పైకి వస్తుంది.

ఈ రెండు రకాల ఆలోచనలూ నా తరగతికే ప్రత్యేకమైనవి కావు. దశాంశాల మీద పనిచేసిన పరిశోధకులు వీటిని ఎప్పుడో గుర్తించారు, వర్గీకరించారు, ఏ జత ఇస్తే ఏ ఆలోచన బయటపడుతుందో కూడా చెప్పారు. ఆ సంగతి నాకు వృత్తిలో చేరిన పదకొండేళ్లకు, అదీ అనుకోకుండా ఒక వ్యాసం చదివినప్పుడు తెలిసింది. డిగ్రీలో ఎవరూ చెప్పలేదు. అప్పటికి నేను హాజరైన ఏ శిక్షణలోనూ దీని ప్రస్తావన రాలేదు. అన్నేళ్లలో నా చేతుల మీదుగా వెళ్లిన పిల్లల్లో ఎంతమంది ఆ ఆలోచనతోనే పై తరగతికి వెళ్లిపోయారో తలచుకుంటే ఇప్పటికీ బాధ కలుగుతుంది.

1986లో లీ షుల్మన్ అనే అమెరికన్ విద్యావేత్త ఈ రకమైన జ్ఞానానికి ‘పెడగాజికల్ కంటెంట్ నాలెడ్జ్’ (బోధనకు పనికొచ్చే విషయ పరిజ్ఞానం) అని పేరు పెట్టారు. విషయం తెలియడం ఒకటి, తరగతిని నడపడం తెలియడం ఇంకొకటి, ఈ రెండింటికీ భిన్నంగా ఒక విషయాన్ని నేర్చుకునేవారికి అందేలా మలచడం తెలియడం మరొకటి అని ఆయన విడదీసి చూపించారు. ఏ పాఠంలో పిల్లలు ఎక్కడ తడబడతారు, ఏ ఉదాహరణ దారి చూపిస్తుంది, ఏ ఉదాహరణ దారి తప్పిస్తుంది, ఏ భావన మరో భావనకు ఆధారం అన్నవి ఈ మూడోదానిలోకి వస్తాయి. ఇంజనీరుకూ గణిత ఉపాధ్యాయుడికీ, రసాయన పరిశోధకుడికీ రసాయనం బోధించేవారికీ ఉన్న తేడా ఇక్కడే ఉంది. ఈ మాట వచ్చి నాలుగు దశాబ్దాలైంది. శిక్షణ మాడ్యూళ్లలో మొదటి పేజీలోనే ఆ పేరు కనిపిస్తుంది కూడా. రెండో పేజీ నుంచి మాత్రం మళ్లీ నిర్వచనాలు, సూత్రాలు, ఫ్లోచార్టులే ఉంటాయి.

పిల్లల తప్పులు తెలిసి ఉండటం ఎంత మేలు చేస్తుందో కొలిచి చూసినవారు ఉన్నారు. 2013లో విజ్ఞానశాస్త్ర బోధన మీద పరిశోధించే ఫిలిప్ శాడ్లర్ బృందం అమెరికాలో చేసి ప్రచురించిన అధ్యయనంలో భౌతిక విజ్ఞానం బోధించే 181 మంది ఉపాధ్యాయులు, వారి దగ్గర చదివే దాదాపు 9,500 మంది విద్యార్థులు పాల్గొన్నారు. ఉపాధ్యాయులకు ఇచ్చింది కూడా పిల్లలకు ఇచ్చిన బహుళైచ్ఛిక ప్రశ్నలనే. అయితే ప్రతి ప్రశ్నకూ వారు రెండు జవాబులు చెప్పాలి: సరైనది ఏది, పిల్లలు ఎక్కువగా ఎంచుకునే తప్పు జవాబు ఏది. పిల్లల మనసులో బలంగా పాతుకున్న అపోహలున్న ప్రశ్నల్లో, సరైన జవాబు మాత్రమే తెలిసిన ఉపాధ్యాయుల దగ్గర చదివినవారి కంటే రెండూ తెలిసిన ఉపాధ్యాయుల దగ్గర చదివినవారు ఎక్కువ నేర్చుకున్నారు. నా దృష్టిలో శిక్షణలకు రూపమిచ్చే ప్రతి ఒక్కరి బల్ల మీదా ఉండవలసిన ఫలితం ఇది. మనం ఇన్నాళ్లూ మొదటి జవాబు కోసమే శిక్షణ ఇస్తున్నాం. రెండో జవాబు ఉపాధ్యాయుడు తన అనుభవంతో తానే పోగుచేసుకోవాలని వదిలేశాం.

ఇంత చెప్పాక, ఉపాధ్యాయులకు విషయ పరిజ్ఞానం అక్కరలేదన్నట్టు అర్థం కాకూడదు. అక్కర ఉంది. చాలా ఉంది. కానీ ఏ రకమైన విషయ పరిజ్ఞానం అన్నది ప్రశ్న. లీపింగ్ మా అనే పరిశోధకురాలు అమెరికాలో 23 మంది, చైనాలో 72 మంది ప్రాథమిక ఉపాధ్యాయులను 1¾ ÷ ½ ఎంతో కట్టి, ఆ భాగహారానికి సరిపోయే ఒక మాటల లెక్క తయారుచేయమని అడిగారు. చైనా ఉపాధ్యాయులందరూ జవాబు సరిగ్గా కట్టారు, వారిలో 65 మంది సరైన లెక్క తయారుచేశారు. అమెరికా ఉపాధ్యాయుల్లో జవాబు సరిగ్గా పూర్తిచేసినవారు సగం కంటే తక్కువ. భావం తప్పకుండా లెక్క తయారుచేసినవారు ఒక్కరే.

ఈ ప్రశ్నను నేను శిక్షకుడిగా వెళ్లిన ఒక చోట మా తోటి ఉపాధ్యాయుల ముందు పెట్టాను. ‘తలకిందులు చేసి గుణించు’ అన్న సూత్రం అందరికీ వచ్చు, మూడున్నర అన్న జవాబు క్షణంలో వచ్చింది. మాటల లెక్క అడిగేసరికి హాలు నిశ్శబ్దమైంది. కాసేపటికి ఒకరు 1¾ మీటర్ల గుడ్డను ఇద్దరికి సమానంగా పంచితే ఒక్కొక్కరికి ఎంత అన్నారు. అది రెండుతో భాగించడం. మరొకరు 1¾ మీటర్ల గుడ్డలో సగం ఎంత అన్నారు. అది సగంతో గుణించడం. అర మీటరు చొప్పున కత్తిరిస్తే 1¾ మీటర్లలో ఎన్ని ముక్కలు వస్తాయి అన్నదగ్గరికి చేరడానికి పావుగంట పట్టింది. మూడు పూర్తి ముక్కలు వచ్చాక మిగిలిన పావు మీటరును జవాబులో ‘అర’ అని ఎందుకంటున్నామన్న దాని మీద ఇంకో అరగంట వాదన జరిగింది. పావు మీటరు అనేది అర మీటరు ముక్కలో సగం కాబట్టి అర అని తేలినప్పుడు, ముప్పై ఏళ్ల సర్వీసు ఉన్న ఒక మేడమ్ ‘ఇన్నేళ్లు ఈ లెక్క చేయించాను, ఇవాళ అర్థమైంది’ అన్నారు. ఆమె అలా పైకి అనగలిగినందుకు నాకు ఆమె మీద గౌరవం పెరిగింది. ఆ ఒక్క భాగహారానికి ముప్పావు గంటకు పైగా పట్టింది. మాడ్యూల్‌లో భిన్నాలన్నింటికీ కలిపి కేటాయించిన సమయం నలభై నిమిషాలు.

ఇది ఎంత లోతైన విషయమో విజ్ఞానశాస్త్రంలో మరీ స్పష్టంగా కనిపిస్తుంది. ఒక టార్చి బల్బు, ఒక బ్యాటరీ సెల్లు, ఒకే ఒక తీగ ముక్క ఇచ్చి బల్బు వెలిగించమనండి. పిల్లలు ముందు బల్బు అడుగును సెల్లు పైభాగానికి ఆనిస్తారు, తీగతో ఏం చేయాలో తోచక ఆగిపోతారు. కొందరు తీగ రెండు కొనలూ బల్బు అడుగునే తాకిస్తారు. బల్బుకు రెండు తాకిడి స్థానాలున్నాయని, అడుగున ఉన్న మొన ఒకటి, పక్కన ఉన్న లోహపు తొడుగు రెండోదని, వలయం బల్బు లోపలి నుంచి కూడా సాగాలని కనుక్కోవడానికి చాలా ప్రయత్నాలు పడతాయి. పాఠ్యపుస్తకంలోని వలయ చిత్రాలన్నీ తప్పు లేకుండా గీయగల ఉపాధ్యాయులు కూడా ఈ పని చేతిలోకి వచ్చేసరికి తడుముకుంటారు. మొదటిసారి నేనూ తడుముకున్నాను.

దీనికి తర్వాతి మెట్టు ఇంకా ముఖ్యం. ఒకేలాంటి రెండు బల్బులు శ్రేణిలో కలిపితే ఏది ఎక్కువ వెలుగుతుందని అడిగితే, మొదటి బల్బు కొంత కరెంటు ‘వాడుకుంటుంది’ కాబట్టి రెండోది మసకగా వెలుగుతుందని చాలామంది పిల్లలు చెబుతారు. చూపిస్తే రెండూ సమానంగా వెలుగుతాయి. అమ్మీటరును మొదటి బల్బుకు ముందు పెట్టినా, రెండింటి మధ్య పెట్టినా, చివర పెట్టినా ఒకే విలువ చూపుతుంది. అయినా మరుసటి వారం అడిగితే సగం మంది మళ్లీ మొదటి జవాబే చెబుతారు. వాడకం అన్న మాట మనం ఇంట్లో కరెంటు గురించి మాట్లాడే తీరులోనే ఉంది కాబట్టి ఆ ఆలోచన అంత తేలిగ్గా పోదు. ప్రవాహం తరగదు, బల్బు దగ్గర మార్పిడి అయ్యేది శక్తి అన్న తేడాను ఎన్ని రకాలుగా, ఎన్నిసార్లు, ఏ వరుసలో ముందుకు తేవాలన్నది ఉపాధ్యాయులు కూర్చుని తేల్చుకోవలసిన అసలైన వృత్తిపరమైన ప్రశ్న. ఓమ్ నియమాన్ని మాకు మళ్లీ చెప్పడం కంటే దీనికి సమయం ఇవ్వండి.

ఈ ఆలోచనలు చదువు పెరిగినంత మాత్రాన పోవు. 1990 ప్రాంతంలో హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో భౌతికశాస్త్రం బోధించే ఎరిక్ మజూర్, బలం, చలనం గురించి చాలా సులువుగా కనిపించే ప్రశ్నలతో ఒక పరీక్ష తన విద్యార్థులకు పెట్టారు. వీటికి మీరు చెప్పినట్టు రాయాలా, మామూలుగా నేను ఆలోచించేట్టు రాయాలా అని ఒక విద్యార్థిని ఆయన్ను అడిగింది. ఆ ప్రశ్న నుంచే ఆయన తన బోధనా పద్ధతిని మార్చుకోవడం మొదలుపెట్టారు. అంత పేరున్న చోట, అంత తెలివైన పిల్లల్లో రెండు లోకాలు పక్కపక్కనే ఉండిపోయాయంటే, మన తరగతుల్లో ఉండటంలో ఆశ్చర్యం లేదు.

చరిత్రను కూడా శిక్షణలో ఇందుకే వాడమంటాను. చెట్టు బరువంతా మట్టి నుంచి వస్తుందని పిల్లలు అనుకుంటారు. 17వ శతాబ్దంలో వాన్ హెల్మాంట్ అనే శాస్త్రవేత్త 200 పౌండ్ల ఎండు మట్టి నింపిన తొట్టెలో 5 పౌండ్ల విల్లో మొక్క నాటి, ఐదేళ్లు నీళ్లు మాత్రమే పోసి పెంచాడు. చెట్టు 169 పౌండ్లు తూగింది, మట్టి తగ్గింది రెండు ఔన్సులు మాత్రమే. మట్టి కాదని అంత గొప్పగా తేల్చినవాడు, ఆ బరువంతా నీటిదేనని తీర్మానించాడు. మొక్కలు గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ను తీసుకుని పెరుగుతాయన్న సంగతి అప్పటికి ఎవరికీ తెలియదు. కంటికి కనిపించని గాలికి బరువుంటుందని, అది కట్టెగా మారుతుందని నమ్మడం కష్టం. మన పిల్లలు తడబడేదీ అక్కడే. ఈ కథ తెలిసిన ఉపాధ్యాయుడు పిల్లవాడి జవాబు విని చిరాకు పడడు.

ఇప్పుడు శిక్షణలు నడిచే తీరు గురించి. ఒక శిక్షణలో, ఋణ సంఖ్యను ఋణ సంఖ్యతో గుణిస్తే ధన సంఖ్య ఎందుకు వస్తుందో పిల్లలకు ఎలా నచ్చజెప్పాలని నేను అడిగాను. ‘అది నియమం మాస్టారూ, ఇంకా పద్దెనిమిది స్లైడ్లు ఉన్నాయి’ అని శిక్షకుడి నుంచి సమాధానం వచ్చింది. ఆయన్ను తప్పుపట్టను, పద్దెనిమిది స్లైడ్లూ చూపించి ఫొటోలు పంపమని ఆయనకు పైనుంచి చెప్పి ఉంటారు. కానీ ఆ హాల్లో ఎనభై మంది గణిత ఉపాధ్యాయులున్నాం. (−3)×2, (−3)×1, (−3)×0 అని వరుసగా రాస్తూ −6, −3, 0 అని మూడేసి పెరుగుతున్న జవాబులు చూపించి, తర్వాతి మెట్టు (−3)×(−1) ఎంత కావాలో పిల్లలనే అడిగే పద్ధతి మాలో ఎవరో వాడే ఉంటారు. అప్పులు తీసివేసే ఉదాహరణ వాడేవారు ఉంటారు. విభాగ న్యాయంతో నిరూపించేవారూ ఉంటారు. ఏది ఏ వయసు పిల్లలకు పనిచేసింది, ఏది కొత్త గందరగోళం తెచ్చిపెట్టింది అని ఒక గంట మాట్లాడుకుని ఉంటే ఎనభై తరగతి గదుల్లో ఒక పాఠం మారేది. ఆ గంట మాకు దొరకలేదు.

శిక్షణ నిడివి గురించి కూడా స్పష్టంగా మాట్లాడుకోవాలి. 2007లో ప్రచురితమైన ఒక సమీక్షలో, ఉపాధ్యాయ శిక్షణకూ విద్యార్థుల అభ్యసనకూ ఉన్న సంబంధం మీద 1,300కు పైగా అధ్యయనాలను వడపోస్తే, కచ్చితమైన ప్రమాణాలకు నిలిచినవి 9 మాత్రమే మిగిలాయి. 14 గంటలకు మించి సాగిన శిక్షణలే పిల్లల చదువులో చెప్పుకోదగిన మేలు చూపించాయి. ఆ 9 అధ్యయనాల్లో శిక్షణ సగటున 49 గంటలు సాగింది. రెండు రోజులు కూర్చోబెట్టి పంపే పద్ధతి ఎందుకు పనిచేయదో దీన్నిబట్టి అర్థమవుతుంది.

అలాగని గంటలు పెంచితే సరిపోతుందని నేను చెప్పడం లేదు. అమెరికా విద్యాశాఖ కోసం జరిగిన మరో పెద్ద అధ్యయనంలో ఏడో తరగతి గణిత ఉపాధ్యాయులకు అకరణీయ సంఖ్యల మీద రెండేళ్ల పాటు గట్టి శిక్షణే ఇచ్చారు. 2011లో వచ్చిన నివేదిక ప్రకారం, రెండో ఏడాది చివరికి ఉపాధ్యాయుల పరిజ్ఞానంలో గానీ పిల్లల ఫలితాల్లో గానీ లెక్కకు నిలిచే తేడా రాలేదు. ఈ నివేదికను శిక్షణే దండగ అనడానికి వాడుకునేవారు ఉన్నారు. నేను అలా చదవను. పిల్లవాడి తప్పే కేంద్రమన్న నా వాదన కూడా మంచి ఉద్దేశంతో మాత్రమే నిలబడదని, ఎక్కడ పనిచేస్తోందో ఎక్కడ చేయడం లేదో ఎప్పటికప్పుడు చూసుకోవాలని ఈ నివేదిక నాకు గుర్తుచేస్తుంది. అలా చూడాలంటే, శిక్షణ ముగిసిన సాయంత్రం నింపించుకునే ఫీడ్‌బ్యాక్ ఫారాలు చాలవు. నాలుగు నెలల తర్వాత అదే ఉపాధ్యాయుడి తరగతిలోని పిల్లల చేత 0.125, 0.5 లాంటి నాలుగు ప్రశ్నలు చేయించి, వారు రాసిన కారణాలు చదవాలి.

ఏడాది పొడవునా సాగే శిక్షణ ఎలా ఉంటుందో చూడాలంటే జపాన్ ఉపాధ్యాయులు ఒక శతాబ్దానికి పైగా చేస్తున్న పాఠ అధ్యయనం మన ముందుంది. వారు దాన్ని జుగ్యో కెన్‌క్యూ అంటారు. కొందరు ఉపాధ్యాయులు కలిసి ఒకే ఒక పాఠాన్ని వారాల తరబడి తయారుచేస్తారు. వారిలో ఒకరు దాన్ని తరగతిలో బోధిస్తారు. మిగిలినవారు గోడల వెంట నిలబడి, బోధించేవారిని కాకుండా పిల్లలను గమనిస్తారు. ఏ పిల్ల ఏం రాసింది, ఎక్కడ చెరిపేసింది, పక్కవారితో ఏమంది అన్నవి రాసుకుంటారు. ఆ తర్వాత అందరూ కూర్చుని మాట్లాడుకుంటారు. విమర్శ పాఠం మీద ఉంటుంది, బోధించిన వ్యక్తి మీద కాదు, ఎందుకంటే పాఠం అందరిదీ.

వాళ్లు ఎంత చిన్న విషయం మీద ఎంత లోతుగా ఆలోచిస్తారో చెప్పడానికి ఒక్క ఉదాహరణ చాలు. పదులు దాటే తీసివేతను మొదటిసారి ఏ సంఖ్యలతో చూపించాలి? 13−9 ఇస్తే పిల్లలు పదిలోంచి తొమ్మిది తీసి, మిగిలిన ఒకటికి మూడు కలుపుతారు. 12−3 ఇస్తే ముందు రెండు తీసి పదికి దిగి, ఆపైన ఇంకొకటి తీస్తారు. రెండూ సరైన దారులే గానీ, పిల్లలను ఏ దారిలోకి పిలుస్తున్నామో నిర్ణయించేది మనం ఎంచుకున్న అంకెలే. బోర్డు మీద తోచిన అంకె వేసేసి పాఠం మొదలుపెట్టిన నా తొలి సంవత్సరాలను తలచుకుంటూ ఈ ఉదాహరణను ఎన్నిసార్లు చదివానో.

ఈ పద్ధతి వేరే చోట యథాతథంగా నాటుకుంటుందని అనుకోను. అయితే దానిలో ఒక భాగాన్ని వెంటనే తీసుకోవచ్చు. నెలకు ఒక పూట, దగ్గరలోని నాలుగైదు పాఠశాలల గణిత, విజ్ఞానశాస్త్ర ఉపాధ్యాయులు ఒకచోట చేరి, ఒకే పాఠం మీద, ఒకే రకం తప్పుల మీద కూర్చోవాలి. ఆ పూటకు వారి పీరియడ్లు ఎవరు తీసుకుంటారన్నది ముందే రాతపూర్వకంగా ఖరారు చేయాలి. అది చేయకుండా ‘కలుసుకోండి’ అని ఆదేశమిస్తే హాజరుపట్టీలో సంతకాలు తప్ప ఏమీ రావు.

గణితంవారినీ విజ్ఞానశాస్త్రంవారినీ కలిపి కూర్చోబెట్టమనడానికి కారణం ఉంది. సరళరేఖ వాలు నేను గణితం పీరియడ్‌లో చెబుతాను. తర్వాతి పీరియడ్‌లో స్థానం–కాలం గ్రాఫు గీసి, దాని వాలే వేగమని భౌతికశాస్త్రంలో చెబుతారు. రెండూ ఒకటేనని పిల్లలకు తోచదు. గ్రాఫులో రేఖ పైకి పోతుంటే వస్తువు కొండ ఎక్కుతోందని, రెండు రేఖలు ఖండించుకుంటే ఆ చోట రెంటి వేగాలూ సమానమని అనుకుంటారు. సాంద్రత, గాఢత, వేగం అన్నింటి కిందా ఉన్నది నిష్పత్తే. నిష్పత్తిలో తడబడే పిల్ల రసాయనంలో తడబడితే, అక్కడి మాస్టారు ఆమెకు రసాయనం రాదనుకుంటారు. నేను ఈ రెండు విషయాలూ బోధిస్తున్నాను కాబట్టి, ఒకే పిల్ల రెండు నోటుపుస్తకాల్లో ఒకే తప్పు చేయడం నా కళ్లతో చూశాను.

చివరగా, మీరు మాత్రమే చేయగలిగిన పని ఒకటుంది. తనకు తెలియదని ఉపాధ్యాయుడు పైకి చెప్పగలిగే చోటుగా శిక్షణ హాలును మార్చండి. పావు మీటరు గురించి ఆ మేడమ్ అన్న మాట, పక్కన తనిఖీ అధికారి కూర్చుని ఉంటే ఆమె నోటి నుంచి వచ్చేది కాదు. శిక్షణలో పెట్టే పరీక్షల మార్కులను పదోన్నతులకో, సర్వీసు రికార్డుకో ముడిపెడితే అందరం తెలిసినట్టే తల ఊపుతాం. తెలియనిది తెలియకుండానే తరగతికి తిరిగి వెళ్తుంది. అలాగే శిక్షకులుగా పంపేవారిని ఏడాదిలో కొన్ని వారాలైనా నిజమైన తరగతికి పాఠం చెప్పేవారిలోంచి ఎంచుకోండి. ఆన్‌లైన్ కోర్సులు వద్దని అనను, విషయం నెమరువేసుకోవడానికి నేనూ వాడుతున్నాను. కానీ వీడియో నా తరగతిలోని అమ్మాయి పుస్తకం తెరిచి చూడలేదు, నేను దిద్దినదాన్ని నాతో కలిసి మళ్లీ దిద్దలేదు.

ఖర్చు అవుతుందని మీరు అనవచ్చు. పెద్ద హాలు, ప్రొజెక్టరు, ముద్రించిన మాడ్యూళ్లు, అందరి ప్రయాణ భత్యాలు అన్నింటికీ ఇప్పటికే ఖర్చవుతోంది. నేను అడుగుతున్నదానిలో ఎక్కువ భాగం చిన్న గది, ఒక బల్ల, కొంత తీరిక.

వచ్చే శిక్షణకు పిలుపు పంపేటప్పుడు మామూలుగా రాసే తేదీ, వేదిక, సమయం కింద ఒక వాక్యం చేర్చండి: ప్రతి ఉపాధ్యాయుడూ తన తరగతి నుంచి మూడు నోటుపుస్తకాలు వెంట తీసుకురావాలి, అవి బాగా రాసే పిల్లలవి కానక్కరలేదు. మొదటి పూట స్లైడ్లు వేయకండి. ఆ పుస్తకాలను బల్ల మీద పరిచి, ఈ పిల్ల ఇలా ఎందుకు రాసిందని మమ్మల్ని అడగండి. నేను నావి తీసుకుని వస్తాను.

ఇట్లు
గణితం, భౌతికశాస్త్రం బోధించే ఒక ఉపాధ్యాయుడు